బల్క్ షిప్పులకి ముందు రోజులు ఎలా ఉంటాయి? మా అబ్బాయి జాయినింగ్ గురించి సలహా కావాలి

చీపురుపల్లి నాన్న
ఆదివారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది చీపురుపల్లి దగ్గర పల్లె, రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను. మా గుంటడు డీఎన్ఎస్ (ఓడ ఆఫీసరు కావడానికి చేసే డిప్లొమా) పూర్తి చేసి సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, బల్క్ క్యారియర్ (ఖనిజం, బొగ్గు లాంటివి విడిగా పోసి మోసే ఓడ) అయితే ఫిబ్రవరిలోనే ఎక్కిస్తాం, చమురు మోసే ట్యాంకర్ కావాలంటే నాలుగైదు నెలలు ఆగాలి, ఏదో ఒకటి తేల్చి చెప్పండి అన్నారు. మా బావమరిదేమో బల్క్ వద్దంటే వద్దంటున్నాడు. చైనాలో ఇళ్ళు కట్టడం ఆగిపోయిందట, ఉక్కు తగ్గిపోతోందట, బొగ్గు ఎవరూ కొనరట, ఇంక ఆ ఓడల్లో ఏం మోస్తారు, పదేళ్ళలో అన్నీ తుక్కుకి పోతాయి అంటాడు. మాకు లోన్ ఉంది, వాడి జీతం మీదే తీరాలి. ఇంట్లో నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పుణ్యం ఉంటుంది.


కవిటి చీఫాఫీసర్
ఆదివారం, రాత్రి 10:15

అన్నా, నేను పదకొండేళ్ళుగా బల్క్ క్యారియర్ల మీదే ఉన్నాను, ఇప్పుడు సెలవులో కవిటిలో ఉన్నాను. మీ బావమరిది గారు చెప్పింది అబద్ధం కాదు గానీ అందులో సగం కథ లేదు.

చైనా ఉక్కు తగ్గిన మాట నిజమే. 2020 నుంచి వరసగా ఏటా 100 కోట్ల టన్నుల పైనే తీసేవాళ్ళు, 2025లో దాని కిందికి దిగింది. మరి అదే దేశం 2024లో దిగుమతి చేసుకున్న ఇనుప ఖనిజం 123 కోట్ల టన్నులు దాటింది, అప్పటికి అదే రికార్డు, 2025లో అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంది. ఎందుకంటే వాళ్ళ గనుల్లో దొరికే ఖనిజం నాసిరకం, తవ్వడానికి ఖర్చెక్కువ, బయట నుంచి మంచిది తెచ్చుకోవడమే వాళ్ళకి లాభం. పైగా ఇళ్ళకి వాడని ఉక్కుని బయటి దేశాలకి పంపుతున్నారు, 2024లో 11 కోట్ల టన్నులు అలా వెళ్ళింది. ఆ ఉక్కు కాయిల్స్, ప్లేట్లు కూడా ఎక్కేది సుప్రామాక్స్, హ్యాండీ అనే మధ్యరకం, చిన్న సైజు బల్క్ షిప్పుల్లోనే.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. మా వ్యాపారంలో ఎన్ని టన్నులు అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ టన్నుని ఎంత దూరం మోశామన్నది కూడా చూడాలి. టన్-మైల్ అంటారు. ఆస్ట్రేలియాలోని పోర్ట్ హెడ్‌లాండ్ నుంచి చైనాలోని చింగ్‌దావ్‌కి దాదాపు 3,600 నాటికల్ మైళ్ళు. రోజుకి 300 మైళ్ళు నడిపితే పన్నెండు రోజులు. అదే బ్రెజిల్ నుంచయితే 11,000 పైమాటే, ముప్పై ఏడు ముప్పై ఎనిమిది రోజులు పోవడానికే పడుతుంది, తిరిగి ఖాళీగా రావడానికి మళ్ళీ అంతే. అంటే అదే సరుక్కి మూడింతల ఓడలు కావాలి. ఇప్పుడు పశ్చిమాఫ్రికాలోని గినీలో సిమాండూ గని తెరుచుకుంది, 2025 నవంబరులో ప్రారంభించారు. 65 శాతం పైన ఇనుము ఉన్న ఖనిజం, పూర్తి స్థాయికి వస్తే ఏటా 12 కోట్ల టన్నులు. దూరం ఇంచుమించు బ్రెజిల్ అంతే. నేను వేసిన లెక్క చెబుతాను, మీరే చూడండి. ఓడకి 2 లక్షల టన్నుల చొప్పున ఏడాదికి 600 లోడ్లు. ఒక్క ఓడ ఏడాదికి నాలుగు ట్రిప్పులకి మించి చేయలేదు. అంటే 150 పెద్ద ఓడలు ఆ ఒక్క గని పని మీదే తిరుగుతూ ఉండాలి.

అందుకని ఆ ఓడలు ఎందుకూ పనికిరావు అన్నవాళ్ళ మాట నేను నమ్మను. అబ్బాయిని ఎక్కించండి.


రాజాం, విశాఖ ఏజెన్సీ
ఆదివారం, రాత్రి 11:02

కవిటి అన్నా, మీ లెక్కలో తప్పు లేదు గానీ ఒక మాట వదిలేశారు. ఆ 12 కోట్ల టన్నులు కొత్తగా పెరిగే వాడకానికి కాదు కదా. చైనాలో ఉక్కు పెరగట్లేదు, కాబట్టి గినీ ఖనిజం వచ్చిన మేరకి ఇంకెవరో ఒకరి ఖనిజం ఆగాలి. ఆస్ట్రేలియాది ఆగితే మీరన్నట్టు ఓడలకి పని పెరుగుతుంది, ఎందుకంటే దగ్గరి సరుకు పోయి దూరం సరుకు వచ్చింది. బ్రెజిల్‌ది ఆగితే? దూరం దాదాపు సమానం, పెరిగేది ఏమీ లేదు. చైనా లోపలి గనులు మూతపడితే అన్నిటికన్నా మంచిది, అది మొత్తం కొత్త సరుకే అవుతుంది. ఈ మూడింటిలో ఏది ఎంత జరుగుతుందో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. 150 ఓడలు అని ఆ నాన్నగారికి ధైర్యం చెప్పేయడం నాకు సబబుగా అనిపించలేదు.

నేను రోజూ చూసేది బొగ్గు. మన దేశంలో 2024-25లో బొగ్గు ఉత్పత్తి మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది, దిగుమతి 26 కోట్ల చిల్లర నుంచి 24 కోట్లకి తగ్గింది. చైనా కూడా 2024లో 54 కోట్ల టన్నులు తెచ్చుకుని, 2025లో దాదాపు పదో వంతు తగ్గించింది. ఇండోనేషియా నుంచి మన తీరానికొచ్చే, సుప్రామాక్స్ కన్నా పెద్దవైన పనామాక్స్‌లు, సుప్రాలు ఎక్కువగా బతికేది ఈ కరెంటు బొగ్గు మీదే. ఒక పనామాక్స్ 75,000 టన్నులు దింపితే ఇరవై రేకుల దాకా గూడ్సు బండ్లు కదలాలి. బొగ్గు తగ్గితే ఓడ దగ్గర మొదలుపెట్టి లోడర్ డ్రైవరు, లారీ, టీ కొట్టు దాకా అందరికీ తెలుస్తుంది. నాకు ఈ విషయంలో బెంగ ఉంది, అది దాచుకుని రాయలేను.

కోకింగ్ కోల్ మాత్రం వేరు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, ఉక్కు కొలిమికి అది చాలావరకు పనికిరాదు. విశాఖ స్టీల్ ప్లాంటుకి ఆస్ట్రేలియా నుంచి గంగవరంలో దిగేది అదే. మన దేశంలో ఉక్కు పెరిగిన కొద్దీ ఆ దిగుమతి పెరగాల్సిందే.


బొబ్బిలి ఫర్నేస్
సోమవారం, ఉదయం 6:40

నైట్ షిఫ్ట్ దిగి రాస్తున్నాను. ఇనుము, బొగ్గు గురించే అందరూ మాట్లాడుతున్నారు, మన జిల్లాని పట్టి ఊపేది ఉక్కులో కలిపే మాంగనీస్.

చీపురుపల్లి నాన్నగారూ, మీ ఇంటి చుట్టూ ఉన్న గనుల చరిత్ర అబ్బాయికి చెప్పండి. దేశంలోనే మొదట మాంగనీస్ తవ్వింది మన కోడూరులో, 1892లో. అక్కడి రాయికి శాస్త్రవేత్తలు కోడురైట్ అని ఊరి పేరే పెట్టారు. విశాఖ హార్బరు 1933లో తెరిచినప్పుడు కూడా దాని ముఖ్యమైన పని మధ్య పరగణాల మాంగనీస్‌ని బయటికి పంపడమే. అలా ఎగుమతి చేసిన ప్రాంతం మనది. ఇప్పుడు బొబ్బిలి గ్రోత్ సెంటర్లో, గరివిడిలో కొలిములకి కావలసిన మంచి గ్రేడు ఖనిజం దక్షిణాఫ్రికా, గాబన్, ఆస్ట్రేలియాల నుంచి ఓడలో రావాలి. ఇక్కడి ఖనిజంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కలుపుకుని వాడాలి తప్ప ఒక్కటే వేస్తే కుదరదు.

2024 మార్చిలో ఆస్ట్రేలియాలో గ్రూట్ ఐలాండ్ అనే దీవి మీద మేగన్ తుపాను పడి ఓడలు కట్టే జెట్టీ విరిగిపోయింది. గని బాగానే ఉంది, ఖనిజం గుట్టలుగా ఉంది, ఎక్కించడానికి జెట్టీ లేదు. ఏడాది పైగా ఎగుమతి ఆగి 2025 మేలో గానీ మళ్ళీ మొదలవలేదు. ఆ దెబ్బకి మూడు నాలుగు నెలల్లో హై గ్రేడ్ ఖనిజం ధర దాదాపు రెట్టింపయింది. ఎక్కడో దీవిలో జెట్టీ విరిగితే ఇక్కడ మా ప్లాంటులో ఒక కొలిమి చల్లార్చేశారు, కాంట్రాక్టు కుర్రాళ్ళని రెండు నెలలు ఇంటికి పంపారు.

ఓడ కిరాయి వల్ల ఎంత, మిగతా వాటి వల్ల ఎంత అని చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మా కొలిమిలో తయారయ్యే మిశ్రమ లోహం, ఒక టన్ను సిలికో మాంగనీస్‌కి రెండు టన్నుల పైన ఖనిజం, సుమారు 4,000 యూనిట్ల కరెంటు కావాలి. ఫ్రైట్ టన్నుకి 10 డాలర్లు పెరిగిందనుకోండి, డాలరు 90 చొప్పున మా సరుకు మీద పడేది దాదాపు 2,000 రూపాయలు. అదే కరెంటు యూనిట్‌కి ఒక్క రూపాయి పెరిగితే 4,000. ఫ్రైట్ పెరిగితే మాకు ఇబ్బందే, కరెంటు పెరిగితే మాత్రం కొలిమి ఆగిపోతుంది. కాబట్టి షిప్పింగ్ మార్కెట్టు బాగుందా లేదా అన్నది ఒక్కటే చూసి ఈ జిల్లా సంగతి తేల్చలేం.


ఇచ్ఛాపురం గృహిణి
సోమవారం, మధ్యాహ్నం 2:20

నేను షిప్పింగ్ మనిషిని కాదు, మా ఆయన సుప్రామాక్స్‌లో సెకండ్ ఇంజినీర్. దూరం పెరిగితే ఓడలకి పని ఎక్కువ అని పైన రాశారు, చదివి మనసు అదోలా అయింది. ఆ దూరం ఎందుకు పెరిగిందో కూడా రాయండి అన్నా.

2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. 2024 మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే బల్క్ క్యారియర్ మీద క్షిపణి పడి ముగ్గురు చనిపోయారు. జూన్‌లో ట్యూటర్ అనే ఓడ ఇంజిన్ రూమ్ దగ్గర తగిలి మునిగిపోయింది, అందులో ఒకరు పోయారు. ఇంజిన్ రూమ్ అని చదవగానే నాకు కాళ్ళలో సత్తువ పోయింది. అన్నీ తగ్గాయనుకుంటుంటే 2025 జులైలో మేజిక్ సీస్, ఎటర్నిటీ సీ, ఒకే వారంలో రెండు బల్క్ షిప్పులు ముంచేశారు. అవన్నీ సరుకు మోసే ఓడలే, ఎవరి యుద్ధంతోనూ వాటికి సంబంధం లేదు. ఆ వారం మా ఆయన ఓడ సూయెజ్ కాలువ మొదట్లో పోర్ట్ సయీద్ దగ్గర ఉంది, ఎర్ర సముద్రం గుండా వస్తారా, ఆఫ్రికా చుట్టూ తిరుగుతారా అన్నది రెండు రోజులు తేలలేదు. వాట్సాప్‌లో ఒక్క టిక్కే పడుతుంటే పిల్లలకి తెలియకుండా ఫోన్ పట్టుకుని దొడ్లో కూర్చునేదాన్ని. చివరికి చుట్టు దారి అన్నారు. ఇంకొన్ని వారాలు ఆలస్యం, ఆ ఆలస్యం కోసం ఇంట్లో అందరం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం.

నాన్నగారూ, కంపెనీ వాళ్ళని ఆ ఒక్క విషయం అడగండి, గొడవలున్న చోటికి పంపేటప్పుడు అబ్బాయిని ముందు అడుగుతారా అని.


కవిటి చీఫాఫీసర్
సోమవారం, సాయంత్రం 5:05

చెల్లెమ్మా, మీరు అడిగింది న్యాయం. నేను దూరాన్ని లెక్కగానే రాశాను, తప్పయింది. నేనూ 2024లో ఆ దారిలో ఒకసారి వచ్చాను, ఎర్ర సముద్రం దక్షిణం వైపు ద్వారం, బాబ్ ఎల్ మాండెబ్ దాటిన రాత్రి డెక్కు మీద ఒక్క దీపం లేకుండా, అక్కర్లేని వాళ్ళందరినీ లోపల కూర్చోబెట్టి దాటించాం.

నాన్నగారి కోసం రాస్తున్నాను. ఐబీఎఫ్ ఒప్పందం (నావికుల సంఘాలు, ఓడ కంపెనీలు కలిసి కుదుర్చుకునేది) కింద నడిచే ఓడ అయితే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి వెళ్ళనని చెప్పే హక్కు సిబ్బందికి ఉంది, కంపెనీ ఖర్చు మీదే ఇంటికి పంపాలి. వెళ్తే అక్కడున్న రోజులకి జీతంలో బేసిక్‌కి సమానంగా బోనస్, ఏదైనా జరిగితే పరిహారం రెట్టింపు. కాంట్రాక్టు కాగితంలో ఐబీఎఫ్ అన్న మాట ఉందో లేదో సంతకానికి ముందు చూసుకోమనండి.

రాజాం తమ్ముడూ, నువ్వన్నదీ ఒప్పుకుంటాను. బ్రెజిల్‌ది ఆగితే నా 150 ఓడలు ఉత్తి లెక్కే. కానీ ఇనుము పక్కన పెట్టు, గినీ బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) చూడు. ఏటా పది కోట్ల టన్నులు దాటి చైనాకి వెళ్తోంది, పదేళ్ళ కిందట ఇంత లేదు. మన మన్యంలో బాక్సైట్ తవ్వకం వద్దని గిరిజనులు ఎంత పోరాడారో తెలుసు కదా, గినీలో తవ్విన ఆ ఎర్రమట్టి నేను మూడుసార్లు మోశాను. బోకే దగ్గర నది లోతు చాలదు, బార్జీల మీద తెచ్చి సముద్రంలో ఓడకెక్కిస్తారు, ఒక్కోసారి లోడింగ్‌కే రెండు వారాలు. అలా ఎదురుచూస్తూ నిలబడ్డ ఓడ కూడా మార్కెట్టులో లేనట్టే, ఫ్రైట్‌కి అదీ బలమే.

ఇంకోటి, కొత్త ఓడలు. ఇప్పుడు ఆర్డర్లో ఉన్న బల్క్ షిప్పులు ఉన్నవాటిలో పదో వంతు చుట్టూ ఉన్నాయి. 2008లో సగానికి పైగా ఉండేవి. ఆ తేడా చాలా పెద్దది.


సోంపేట బోసన్
సోమవారం, రాత్రి 9:30

2008 మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను, నేను అప్పుడు ఏబీగా (డెక్కు మీద పనిచేసే నావికుడిగా) ఉన్నాను, ఇప్పుడు రిటైరయి కొబ్బరితోట చూసుకుంటున్నాను. ఆ ఏడాది మే 20న బాల్టిక్ డ్రై ఇండెక్స్ (బల్క్ ఓడల కిరాయిల సూచీ) 11,793. జూన్‌లో కేప్ సైజు (బాగా పెద్ద రకం) ఓడకి రోజు కిరాయి 2 లక్షల 30 వేల డాలర్లు దాటింది. డిసెంబరుకి ఇండెక్స్ 663, అదే ఓడకి రోజుకి 3,000 డాలర్లు కూడా రాలేదు. ఆరు నెలల్లో! మా ఓడ సింగపూర్ బయట ఖాళీ హోల్డులతో యాంకర్ వేసుకుని ఇరవై ఆరు రోజులు ఉంది. చుట్టూ కనుచూపు మేర ఓడలే, ఒక్కటీ కదలదు. తుప్పు గీకడం, రంగు వేయడం, మళ్ళీ గీకడం. మంచినీళ్ళు రేషన్ పెట్టారు. కంపెనీ దివాలా తీసిందని ఒకరు, అమ్మేశారని ఒకరు, రోజుకో పుకారు. జీతం మాత్రం ఆగలేదు, ఆ కంపెనీ మంచిది కాబట్టి.

అందరికీ అలా ఉండదు. మార్కెట్టు పడితే చెడ్డ యజమాని మొదట ఎగ్గొట్టేది సిబ్బంది జీతం. ఐటీఎఫ్ (రవాణా కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య) లెక్క ప్రకారం 2024లో 312 ఓడల్ని యజమానులు గాలికి వదిలేశారు, 3,133 మంది నావికులు వాటిలో చిక్కుకున్నారు, దేశాల వారీగా చూస్తే మనవాళ్ళే అందరికన్నా ఎక్కువ, 899 మంది. 2017 నుంచి రూలు ఉంది, ప్రతి ఓడకీ నాలుగు నెలల జీతం, ఇంటికి పంపే ఖర్చు ఇన్సూరెన్సులో ఉండాలి, ఆ సర్టిఫికెట్టు అందరికీ కనపడేలా ఓడలో అంటించాలి. అబ్బాయి ఎక్కిన మొదటి రోజే మెస్ రూమ్ దగ్గర ఆ కాగితం చూసి ఫోటో తీసుకోమనండి.

మా సొంత తమ్ముడి కొడుకు సంగతి కూడా చెప్పాలి. ఒక ఏజెంటు నాలుగున్నర లక్షలు పట్టుకుని దుబాయ్ తీసుకెళ్ళి, బల్క్ షిప్ అని చెప్పి ఒక పాత ముష్టి ఓడ ఎక్కించాడు. ఏడు నెలలు జీతం లేదు, ఫోన్లో ఏడ్చేవాడు. ఊళ్ళో అందరం చందాలేసి టికెట్ కొని తెచ్చుకున్నాం. సోంపేట, కవిటి, మందస ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళు నాకే పది తెలుసు. డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఆర్‌పీఎస్ఎల్ నంబరు (నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టే ఏజెన్సీకి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు) ఉన్న కంపెనీ తప్ప ఇంకెవరి మాటా వినకండి, ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. మార్కెట్టు పైకి పోతుందా కిందికి పోతుందా అన్నది రెండో సంగతి, ఎవరి ఓడ ఎక్కుతున్నాడన్నది మొదటి సంగతి.


నరసన్నపేట ఎరువులు
మంగళవారం, ఉదయం 7:15

మాది ఎరువుల షాపు. మొన్న ఖరీఫ్‌లో యూరియా కోసం రైతులు తెల్లవారుజామున పాస్‌బుక్కులు, చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డది అందరూ చూశారు. నన్ను తిట్టని మనిషి లేడు, దాచేశానని. దాచడానికి నా దగ్గర ఉంటే కదా. చైనా ఎగుమతి ఆపేసింది, బయట నుంచి రావాల్సిన ఓడలు ఆలస్యమయ్యాయి, ఇక్కడ ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి తగ్గింది, మూడూ ఒకేసారి.

ఒక్క సుప్రామాక్స్‌లో 50,000 టన్నుల యూరియా వస్తే 45 కేజీల బస్తాలు 11 లక్షలవుతాయి. అలాంటి ఓడ పది రోజులు లేటయితే నాట్లు వేసిన పొలం ఆగదు కదా, నారు పసుపెక్కిపోతుంది. వాన కురుస్తుంటే ఓడలోంచి యూరియా దింపరట, నిజమేనా? రేవుకి వచ్చేసిందని పేపర్లో వేశారు, మాకు రావడానికి పన్నెండు రోజులు పట్టింది.


రాజాం, విశాఖ ఏజెన్సీ
మంగళవారం, ఉదయం 9:40

నిజమే మాస్టారూ. యూరియా తేమ పీలుస్తుంది, చినుకు పడగానే హాచ్ కవర్లు (సరుకు గదుల పైమూతలు) మూసేయాలి. ఆగస్టు, సెప్టెంబరులో తూర్పు తీరంలో రోజుకి నాలుగుసార్లు మూసి తెరుస్తారు. ఆగిన ఆ గంటల్ని సరుకు దింపడానికి ఒప్పుకున్న గడువు, అంటే లేటైమ్‌లోంచి తీసేయాలా వద్దా అని ఓడవాళ్ళకీ సరుకువాళ్ళకీ పేచీ. దిగాక బ్యాగింగ్, తర్వాత రేకు దొరకాలి. ఒక రేకులో 2,700 టన్నుల దాకా పడుతుంది, అంటే మీరన్న ఓడ ఖాళీ కావాలంటే పందొమ్మిది రేకులు కావాలి. మిమ్మల్ని తిట్టినవాళ్ళకి ఇదంతా ఎవరు చెబుతారు.

సందర్భం వచ్చింది కాబట్టి, బొగ్గు తగ్గుతుందని నేను బెంగపడ్డా, ఎరువులు, ధాన్యం, సున్నపురాయి, జిప్సం, సిమెంట్ క్లింకర్, ఈ చిన్న ఓడల సరుకులు ఎప్పుడూ ఉంటాయి. జనం తినడం ఆపరు. చైనా ఏటా 10 కోట్ల టన్నుల పైన సోయా తెచ్చుకుంటోంది. నా అంచనా అడిగితే, పెద్ద కేప్ ఓడల కన్నా సుప్రా, దానికన్నా కాస్త పెద్దదైన అల్ట్రామాక్స్‌ల బతుకు నిలకడగా ఉంటుంది. కేప్‌కి ఇనుము, బాక్సైట్, బొగ్గు తప్ప దిక్కు లేదు, సుప్రాకి సొంత క్రేన్లు ఉంటాయి, ఏ చిన్న రేవుకైనా పోతుంది, ఏదైనా ఎక్కించుకుంటుంది.


నౌపడ ఉప్పు
మంగళవారం, మధ్యాహ్నం 1:10

మరి మన మూలపేట కొత్త పోర్టు సంగతేంటి? 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు, మొదటి దశలో నాలుగు బెర్తులు, ఏటా 2 కోట్ల 35 లక్షల టన్నులు అన్నారు. మా ఉప్పు మడుల మీద నుంచి రోజూ టిప్పర్లు పోతున్నాయి. పోర్టు అయితే మా పిల్లలకి ఇక్కడే పని దొరుకుతుందని ఆశగా ఉంది, భూములిచ్చినవాళ్ళం. బొగ్గు తగ్గిపోతుందని మీరంటుంటే భయం వేస్తోంది.


రాజాం, విశాఖ ఏజెన్సీ
మంగళవారం, మధ్యాహ్నం 3:25

బాబాయ్, బొగ్గు ఒక్కటే నమ్ముకుంటే భయపడాల్సిందే. ఉత్తరాన గోపాల్‌పూర్, పారదీప్, దక్షిణాన విశాఖ, గంగవరం. మధ్యలో కొత్త రేవు బతకాలంటే తన వెనకాల సరుకు ఉండాలి. టెక్కలి గ్రానైటు బ్లాకులు ఇప్పుడు లారీల మీద విశాఖ దాకా పోతున్నాయి, అవి ఇక్కడే ఎక్కుతాయి. పలాస జీడి మిల్లులకి ఆఫ్రికా నుంచి వచ్చే గింజ ఎక్కువగా కంటైనర్లలో వస్తుంది, అది ఇక్కడికి రావాలంటే కంటైనర్ సర్వీసు కావాలి. రాయగడ, గుణుపురం వైపు ఒడిశా సరుకుకి నౌపడ లైను ఉంది. ఇవి రావాలి. వస్తాయని నాకు ఆశ ఉంది, గ్యారంటీ ఇచ్చి మిమ్మల్ని మోసం చేయలేను.


చీపురుపల్లి నాన్న
మంగళవారం, రాత్రి 9:00

ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అన్నీ మా వాడి చేత చదివించాను. ఆర్‌పీఎస్ఎల్ నంబరు చూశాం, ఉంది. ఐబీఎఫ్ అన్న మాట కూడా కాగితంలో ఉంది. ఒక్కటే సందేహం మిగిలింది, ట్యాంకర్ కోసం ఆగితే ముందు ముందు వాడికి మేలా?


కవిటి చీఫాఫీసర్
మంగళవారం, రాత్రి 10:30

అన్నా, కేడెట్‌కి కావలసింది 18 నెలల సీ టైమ్ (ఓడ మీద పనిచేసిన కాలం). పరీక్షకి ఏ ఓడ అయినా ఒకటే. నాలుగైదు నెలలు ఇంట్లో కూర్చుంటే ఆఫీసరు కావడానికి రాసే సెకండ్ మేట్ పరీక్ష అంత వెనక్కి, జీతం అంత వెనక్కి, లోను వడ్డీ మాత్రం ముందుకి. ఇండెక్స్ 2025 మొదట్లో వెయ్యి కిందికి పడింది, డిసెంబరు మొదట్లో 2,500 దాటింది, ఆ ఏడాదంతా మా ఓడలో ఏ ఒక్కరి జీతమూ దాన్ని బట్టి మారలేదు. మీవాడు మాస్టర్ (కెప్టెన్) అయ్యేసరికి పన్నెండేళ్ళు పడుతుంది, ఈలోగా ఇండెక్స్ ఎన్నిసార్లు పడిలేస్తుందో చెప్పలేం. 2016 ఫిబ్రవరిలో 290కి పడిపోయింది, అప్పుడు నేను కేడెట్‌ని, ఇంకేముంది మానేద్దామని అనుకున్నాను కూడా. 2021 అక్టోబరులో 5,600 దాటింది.

బల్క్‌లో కేడెట్‌కి ఇంకో మేలుంది, రేవులో ఎక్కువ రోజులు ఉంటాం, పని కళ్ళతో చూసి నేర్చుకోవచ్చు. డ్రాఫ్ట్ సర్వే (ఓడ ఎంత మునిగిందో చూసి సరుకు బరువు లెక్కగట్టడం) నేర్చుకోమనండి. కేప్ ఓడ ఒక్క సెంటీమీటరు మునిగితే 120 టన్నులు. అలల మధ్య పడవలో నిలబడి ఓడ పక్కన రాసిన అంకె ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే అంత సరుకు కాగితం మీద మాయం.

అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది తడి సరుకు. 2009 సెప్టెంబరులో పారదీప్ బయట బ్లాక్ రోజ్ అనే ఓడ మునిగింది, ఇనుప ఖనిజం పొడి. 2015 జనవరిలో వియత్నాం దగ్గర బల్క్ జూపిటర్, బాక్సైట్, 19 మందిలో 18 మంది పోయారు. పొడి సరుకులో తేమ ఎక్కువైతే ఓడ ఊగుడుకి లోపల అది బురదలా కదిలి ఒక పక్కకి చేరుతుంది, ఓడ ఒరిగితే మళ్ళీ లేవదు. మా దగ్గర చిన్న పరీక్ష ఉంది. ఒక డబ్బాలో సగం దాకా ఖనిజం పోసి, జానెడు ఎత్తు నుంచి గట్టి నేల మీద ఇరవై అయిదుసార్లు టపటపా కొట్టాలి. పైన నీళ్ళు తేలినట్టు తడి మెరిస్తే ఎక్కించకుండా ఆపి, మళ్ళీ ల్యాబ్ పరీక్ష అడగాలి. సరుకు పంపే షిప్పరు ఒత్తిడి చేస్తాడు, డెమరేజ్ (ఆలస్యానికి కట్టే సొమ్ము) అంటాడు, ఆఫీసు నుంచి ఫోన్లొస్తాయి. ఆగాలి.


చీపురుపల్లి నాన్న
గురువారం, రాత్రి 7:45

పొద్దున్న కంపెనీకి సరే అని చెప్పేశాం. ఫిబ్రవరి మూడో వారంలో అన్నారు, ఓడ పేరు ఇంకా చెప్పలేదు.

మావాడు నిన్న గర్భాం గనుల వైపు వెళ్ళి ఎవరినో అడిగి సంచిలో రెండు కేజీల మాంగనీస్ పొడి తెచ్చాడు. వాళ్ళమ్మ హార్లిక్స్ డబ్బా తీసుకుని, సగం పోసి, చెంబుతో నీళ్ళు చిలకరించి కలిపి, అరుగు మీద కొట్టడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్కపెట్టింది. పద్దెనిమిది దాకా ఏమీ లేదు, పొడి పొడిగానే ఉంది. ఇరవై రెండో దెబ్బకి పైన నల్లగా, నూనె రాసినట్టు మెరుపు వచ్చింది. వాడు ఇంక కొట్టలేదు, డబ్బా అలా పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.


కవిటి చీఫాఫీసర్
గురువారం, రాత్రి 8:20

అన్నా, చాలా సంతోషం. వాడికి ఇంకొక్క మాట చెప్పండి. మెరుపు రాకపోయినంత మాత్రాన సరుకు మంచిదని అర్థం కాదు, ల్యాబ్ కాగితంలో తేమ ఎంతో, ఎంత దాకా ఉండొచ్చో రెండు అంకెలూ ఉంటాయి, వాటి తేదీ చూడాలి, ఆ తేదీ తర్వాత వాన పడిందా అని రేవులో అడగాలి. బాయిలర్ సూట్లు కాటన్‌వి రెండు జతలు పెట్టండి, ఓడలో ఇచ్చేవి మొదట్లో సైజు దొరకవు. నా నంబరు ఇక్కడ మెసేజ్‌లో పంపుతాను, ఓడ పేరు తెలిశాక ఒకసారి ఫోన్ చేయమనండి.